రెండు మాగ్నంలు, ఒక దున్న తల

బస్తరు వెళ్లి వచ్చానంటే అందరూ జలపాతం ఎలా ఉందని అడుగుతున్నారు. నేను జలపాతం చూడలేదు. దంతేవాడ గుడికి కూడా పోలేదు. నేను వెళ్లింది ఒక రైఫిల్ క్యాలిబర్ విషయం తేల్చుకోవడానికి. అది తేలిన తీరు వెళ్లనివాళ్లు తెలుసుకుంటే మంచిదనిపించి రాస్తున్నాను.

మా ఎస్టేటు పేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు తెలుసు. తెలియనివాళ్లకు చెప్పుకోవలసిన స్థితి మాకింకా రాలేదు. మా తాతగారి దగ్గర త్రీ సెవెంటీ ఫైవ్ మాగ్నం ఉండేది. ఆయన తమ్ముడిగారి దగ్గర త్రీ హండ్రెడ్ మాగ్నం ఉండేది. వేటకు అనుమతి ఉన్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ బస్తరు అడవుల్లో ఒక జమీందారుకు అతిథులుగా వెళ్లి, ఒకే అడవిదున్న మీద ఒకేసారి కాల్చారు. దున్న పడింది. ఎవరి తూటాకు పడిందో తేలలేదు. పెద్దశాఖ మాది కాబట్టి తల మా హాల్లోకి వచ్చింది. దాని కింద ఇత్తడి పలక మీద తాతగారు తన క్యాలిబర్ చెక్కించారు. అప్పటినుంచి చిన్నశాఖవాళ్లు మా ఇంటికి వస్తే ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాళ్లు.

ఈ ఏడు ఆ ఇల్లు అమ్మేశాం. కొన్నాయన దాన్ని పడగొట్టి దుకాణాలు కడతాడట. నేను మారబోయే ఫ్లాటు గుమ్మంలో దున్న కొమ్ములు పట్టవు. ఏటవాలుగా తిప్పి కూడా చూశాను. చట్టప్రకారం అలాంటి తలను అమ్మకూడదు, పరాయివాళ్లకు ఇవ్వకూడదు. హక్కు మా రెండు శాఖల పేరునా ఉంది గనక చిన్నశాఖ ఇంట్లో ఉండవచ్చు. లేదంటే అటవీశాఖకు అప్పగించాలి. చిన్నశాఖలో మిగిలింది నరసరాజు. వరసకు నాకు తమ్ముడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. అతని హాలు ఎత్తుగా ఉంటుంది.

"తప్పకుండా పెట్టుకుంటాను అన్నగారూ," అన్నాడు. "పలక మాత్రం మారుస్తాను. త్రీ హండ్రెడ్ అని చెక్కిస్తాను."

"పలక మార్చేటట్టయితే అటవీశాఖకే ఇస్తాను. వాళ్లు కాల్చి పారేస్తారు."

"కాల్చనివ్వండి. అబద్ధం మీద వేలాడ్డం కంటే అదే మర్యాద."

ఈ మాటలు ఫోనులో జరిగాయి. అతను అబద్ధం అన్నది మా తాతగారిని. అయినా నేను ఫోను పెట్టేయలేదు, ఎందుకంటే ఫోను చేసింది నేనే.

ఆ రోజుల్లోనే బచేలి గనిలో పనిచేస్తున్న మా మేనల్లుడు ప్రసాదు ఒక కబురు చెప్పాడు. అక్కడి ఆసుపత్రిలో సుజాత అనే నర్సు ఉందట. ఆమెది కొంటా దగ్గర అడవిపల్లె. ఇద్దరు దొరలు, ఒక దున్న అనే కథ ఆమె తాత చెబుతాడట. ఆ తాత తండ్రి ఆనాడు అడవిలో దున్నను తోలినవాళ్లలో ఒకడు. నేనూ నరసరాజూ కలిసి వెళ్లాలని, అక్కడ ఏది తేలితే అదే పలక మీద ఉండాలని మాట అనుకున్నాం. నేను ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నాను. నిజం మా వైపు ఉందని నాకు తెలుసు.

రైల్లో

విశాఖపట్నంలో కిరండూలు బండి ఎక్కాం. అరకు దాకా యాత్రికులు సొరంగం వచ్చినప్పుడల్లా అరిచారు. అరకులో వాళ్లు దిగాక బండి మాకూ, రైల్వే కుటుంబాలకూ మిగిలింది.

క్యాలిబర్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మాగ్నం అంటే మామూలు తూటా కంటే ఎక్కువ మందు పట్టే తూటా. మా తాతగారి త్రీ సెవెంటీ ఫైవ్‌ది బరువైన గుండు. కాస్త నిదానంగా వెళుతుంది, లోతుగా దిగుతుంది. చిన్నతాతగారి త్రీ హండ్రెడ్‌ది తేలికైన గుండు. వేగంగా, తిన్నగా, చాలా దూరం పోతుంది. జంతువు ఎముకను బట్టీ, కంటికి ఆనే దూరాన్ని బట్టీ క్యాలిబర్ ఎంచుకోవాలని తాతగారి సిద్ధాంతం. బస్తరు అడవిలో వెదురు, టేకు, లతలు. ఎడ్లబండి పొడుగు దాటితే ఏమీ కనపడదు. అక్కడ దూరం పోయే గుండు దేనికి? దున్న భుజం ఎముక విరగాలంటే బరువు కావాలి.

నరసరాజు ఇది ఒప్పుకోడు. "బరువైన రైఫిల్ భుజాన్ని తంతుంది అన్నగారూ. తన్నుతుందని ముందే తెలిసినవాడు మీట నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. పెద్ద గుండు పొట్టలో తగిలే కంటే చిన్న గుండు గుండెలో తగిలితే మేలు."

"మా తాతగారు కళ్లు మూసుకోలేదు."

"చూసినవాళ్లెవరు? మా తాతగారు దున్నను చూస్తున్నారు."

కోరాపుట్ వచ్చేదాకా ఇలాగే నడిచింది. ఎదురు సీట్లో ఒకావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంది. ఆమె భర్త ఖనిజం బండ్లు నడిపే లోకో పైలట్. సొంతూరు బొబ్బిలి దగ్గరట. కిరండూలులో క్వార్టరు. మెడలో చిన్న సిలువ ఉంది.

"ఏటి బాబూ, పొద్దుట్నుంచీ మూడొందలు, మూడొందల డెబ్బయ్యయిదూ అంటన్నారు? సర్వే నంబర్ల గొడవా?" అని అడిగింది.

విషయం చెప్పాను. ఆమె అల్లిక ఆపకుండా వింది.

"మా ఆయన బండికి ముందర ఇంజన్లు కడతారు, ఎనకాల ఇంజన్లు కడతారు. ఘాటీ ఎక్కేసినాక ఏ ఇంజను లాగిందంటే ఏటి సెప్తాం?"

"ఆ పోలిక కుదరదమ్మా. ఇంజన్లన్నీ ఒకే శక్తివి."

"అలగని మీరనుకుంటన్నారు. ఎనకదానికే కష్టం ఎక్కువ," అంది. నరసరాజు సంతోషించాడు. చిన్నశాఖను ఎవరో అర్థం చేసుకున్నట్టు ముఖం పెట్టాడు.

ఆమె డబ్బా విప్పి చింతపండు పులిహోర, ఉడికించిన గుడ్లు పెట్టింది. పరాయివాళ్ల డబ్బాలో తినడం మా ఇంట్లో అలవాటు లేదు. వద్దన్నాను. మళ్లీ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నరసరాజు రెండు వంతులూ తిన్నాడు. నేను కోరాపుట్ దాటాక జైపూర్‌లో కొన్న వడలు రుచిలో రబ్బరును పోలి ఉన్నాయి. ధర మాత్రం మా ఊరి ధరే.

బచేలి

బచేలిలో దిగేసరికి నా తెల్ల లాల్చీ లేత ఇటుకరంగుకు వచ్చింది. కొండ మీద ఇనుపరాయి తవ్వుతారు. ఆ దుమ్ము చెట్ల మీదా, కుక్కల మీదా, ఆరేసిన బట్టల మీదా సమానంగా పడుతుంది. పై కొండ ఎర్రగా కోసేసి ఉంటే, కింద కంపెనీ క్వార్టర్లు వరసగా, ఒకే కొలతలో ఉన్నాయి. ఒక వీధిలో రామాలయం, పక్క వీధిలో తెలుగు చర్చి. మా వైపు కొత్తవాణ్ణి చూస్తే ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇక్కడ ఏ షిఫ్టు అని అడుగుతారు. నేను ఎవరి తాలూకో చెప్పాను.

ప్రసాదు భార్య ఇడ్లీతో పాటు ఒక ఎర్రటి పచ్చడి వేసింది. పుల్లగా, ఘాటుగా, బాగుంది. మళ్లీ వేయించుకున్నాక అది ఎర్రచీమల పచ్చడి అని చెప్పింది. చాప్డా అంటారట. తినడం మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదలడం మర్యాద కాదు కాబట్టి పూర్తి చేశాను.

సాయంత్రం సుజాత వచ్చింది. పాతికేళ్ల పిల్ల. దొర్ల అనే ఆదివాసీ తెగవాళ్లు. ఫోనులో ఒకరితో హిందీ, గేటు దగ్గర ఇంకొకరితో అక్కడి హల్బీ భాష, మాతో తెలుగు మాట్లాడింది. ఇంట్లో దొర్లీ అట.

"మా తాత చెప్తడు సార్. చిన్నప్పట్నుంచి వింటున్న. మస్తు నవ్వొస్తది," అంది.

"నవ్వెందుకమ్మా? అది వేట."

"మీరే వినుండ్రి. నేను చెప్తే పోతది."

ఆమె విత్తనాల పండుగకు ఊరికి పోతోంది. వాళ్ల భాషలో విజ్జ పండుం. ఆ పండుగ అయ్యేదాకా ఎవరూ గింజ చల్లరు. ఆ రోజుల్లో మగవాళ్లు అడవికి వేటకు పోయి, ఆ రక్తం విత్తనాలకు తగిలించడం ఆచారం. ఇప్పుడు అడవిలో వేట నిషేధం గనక విల్లులు పట్టుకుని తిరిగి, ఆకలేశాక ఇంటికి వస్తారట.

"దారిలో ఆడోళ్లు ఆపుతరు సార్. కోపం తెచ్చుకోవద్దు," అని ముందే చెప్పింది.

"నాకు కోపం రాదు," అన్నాను. నరసరాజు కిటికీలోంచి బయటికి చూశాడు.

తనిఖీ దగ్గర

దంతేవాడ మీదుగా సుక్మా, అక్కణ్ణుంచి దోర్నపాల్ మీదుగా కొంటా వెళ్లే బస్సు. రోడ్డు మా జిల్లా రోడ్ల కంటే బాగుంది. ఈ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు. దారి పొడుగునా చెట్ల కింద ఇప్పపూలు ఏరి చాపల మీద ఆరబెట్టారు. బస్సంతా ఆ తీపి వాసన. కిటికీ పక్కనున్న ముసలాయన నాకు ఒక గుప్పెడు ఇచ్చాడు. ఎండుద్రాక్షకు దూరపు బంధువులా ఉంది రుచి.

నక్సలైట్లను వెతికే బలగాల క్యాంపు ముందు బస్సు ఆపి జవాన్లు ఎక్కారు. ఒకతను మా ముందు నిలబడ్డాడు.

"కహా జానా హై? కిస్ కామ్ సే?"

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. వచ్చిన హిందీలో, వచ్చిన పని చెప్పాను. త్రీ సెవెంటీ ఫైవ్ మాగ్నం రైఫిల్ వ్యవహారం అని. కొంటా పక్కన ఒక పల్లెలో తేల్చుకోవాలని కూడా చెప్పాను.

ఇప్పపూలు ఇచ్చిన ముసలాయన కొంచెం జరిగి కూర్చున్నాడు. మమ్మల్ని దించారు. సంచులు విప్పారు. నా సంచిలో ఇస్త్రీ పంచెలు, నరసరాజు సంచిలో బీపీ మాత్రలు, రైల్లో ఆవిడ పెట్టినవాటిలోంచి దాచుకున్న గుడ్డు ఒకటి దొరికాయి.

"అన్నగారూ, గుడి చూడ్డానికని చెబితే పోయేది కదా," అన్నాడు నరసరాజు.

"మనం గుడి చూడ్డానికి రాలేదు."

సుజాత తన ఆసుపత్రి కార్డు చూపించి, ఏదో గబగబా చెప్పింది. చేతితో తల పక్కన గాలిలో కొమ్ములు గీసింది. తర్వాత మా ఇద్దరినీ చూపించింది. ఆ సైగల వరస నాకు నచ్చలేదు. కానీ పని చేసింది. లోపలినుంచి ఒక అధికారి వచ్చి కుర్చీలు వేయించాడు. హర్యానా వైపు మనిషట.

"రైఫిల్ ఇప్పుడెక్కడుంది?" అని హిందీలో అడిగాడు.

"మా ఊరి పోలీస్ స్టేషన్లో. ఎన్నికలప్పుడు జమ చేశాం. తెచ్చుకునేలోపు ఇంకో ఎన్నిక వచ్చింది. చాలాకాలంగా అది అక్కడే కాపురం ఉంటోంది."

అతనికి క్యాలిబర్ల మీద ఆసక్తి ఉంది. టీ తెప్పించి మొత్తం కథ విన్నాడు. తాతగారి సిద్ధాంతం చెప్పాను. నరసరాజు తన సిద్ధాంతం చెప్పాడు. అధికారి కప్పు కింద పెట్టి ఆలోచించాడు.

"ఎముక పెద్దదయితే బరువు గుండే," అన్నాడు. నేను నరసరాజు వైపు చూశాను. "కానీ ఇద్దరిలో ఎవరు రోజూ సాధన చేసేవారు?"

"మా తాతగారు," అన్నాడు నరసరాజు వెంటనే. దురదృష్టవశాత్తు అది నిజం. మా తాతగారు సాధన చేసేవారు కాదు. ఆయనకు అవసరం లేదని మేం అనుకునేవాళ్లం.

"అయితే నేను చెప్పలేను," అన్నాడు అధికారి. మా బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకు ఆయనే చెయ్యెత్తి ఎక్కించాడు.

దారికి అడ్డంగా తీగ

కొంటా దగ్గర దిగి, భేజ్జి వైపు వెళ్లే జీపులో ఎక్కాం. పల్లె ఇంకా రాకముందే దారికి అడ్డంగా అడవితీగ కట్టి ఉంది. దాని వెనక పదిమంది ఆడవాళ్లు, పాటలు, నవ్వులు, కుండలు. జీపువాడు మామూలుగా చిల్లర ఇచ్చాడు. వాళ్లు అది తీసుకుని మా వైపు తిరిగారు.

"ఈ ముసలోళ్లు యాడికెల్లి?" అంది ఒకామె. దొర్లలో మాతో తెలుగులో మాట్లాడగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు. తెలుగులో వెక్కిరించగలిగినవాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు.

"అడవికెల్లి వస్తున్రు, చేతులు ఊపుకుంట. ఏం తెచ్చిన్రు?"

"ఏమీ తేలేదు," అన్నాను.

ఒక్కసారిగా అందరూ గోల చేశారు. పండుగ రోజుల్లో ఆ దారిన వచ్చే మగవాడు వేటతో రావాలి. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు ఊరుకోరు. ఆ నియమం మాకు వర్తించదని వివరించబోయాను.

"చూడండమ్మా, మేం వేటగాళ్ల కుటుంబమే. మా తాతగారు ఈ అడవిలోనే అడవిదున్నను కొట్టారు. త్రీ సెవెంటీ..."

"మా తాతగారు," అన్నాడు నరసరాజు.

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సుజాత తలకొట్టుకుంది. ఒక పెద్దామె నోటి మీద చెయ్యి వేసుకుని, "ఓయమ్మో, ఆ దొరలే! దున్న దొరలు!" అంది. ఆ పైన కుండల్లోవి మా మీద పడ్డాయి. పేడ కలిపిన నీళ్లు. నేను నిటారుగా నిలబడ్డాను. నరసరాజు వంగాడు. వంగినవాడికి వీపు మీద పడింది, నాకు ఎదురుగా పడింది. రెండు భంగిమల్లో ఏది మేలో ఇప్పటికీ చెప్పలేను.

లచ్చయ్య చెప్పింది

కుంజా లచ్చయ్య సుజాత తాత. ఆ ఊరికి పెద్ద. వాకిట్లో నులకమంచం వేయించి, మాకు కాళ్లకు నీళ్లు ఇప్పించాడు. మిగతా ఒంటికి మేమే తోడుకున్నాం. ఆయన భార్య సొరబుర్రలోంచి దొన్నెల్లో జావ పోసింది. తర్వాత జీలుగుకల్లు వచ్చింది. చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. మా ఊరి హోటళ్లలో ఏ ధరకూ ఇలాంటిది దొరకదు.

"మీ అయ్య చూశాడా ఆ దున్నను కొట్టడం?" అని నేను నేరుగా అడిగాను.

"చూసిండు. ఆయనే తోలిండు గద."

"ఎవరి తుపాకీ ముందు పేలింది?"

"రెండు ఒక్కతీర్గనే పేలినయంట. రెండు బొక్కలు. రెండు ఒక్క దిక్కే." ఆయన తన భుజం మీద పక్కపక్కనే రెండు వేళ్లు పెట్టి చూపించాడు.

"రెండిట్లో పెద్ద బొక్క ఉండాలే," అన్నాను.

"గదే గద దొరా లొల్లి," అన్నాడు లచ్చయ్య. "మా కాడ కట్టుబాటు ఉన్నది. జంతువుకు ఎవ్వడు మొదలు రక్తం తీస్తే తల వానిది. తల వానికి ఇచ్చేదాక మిగిలిన మాంసం కొయ్యొద్దు. ఒక్క తునక కూడ. మా తాత కత్తి పట్టుకొని అడిగిండు, తల ఎవరిది దొరా అని."

"మరి?"

"మరేంది? ఈ దొర నాదన్నడు, ఆ దొర నాదన్నడు."

ఆయన భార్య అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉంది. ఇప్పుడు లేచి వచ్చింది. ఒక పుల్ల తీసుకుని, గుమ్మడికాయే దున్న అన్నట్టు దాని మీద బొక్కలు కొలవడం మొదలుపెట్టింది. ఇటు వంగి కొలిచింది, అటు తిరిగి కొలిచింది, మీసం మెలేసింది, తనతో తానే పోట్లాడింది. వాకిట్లోవాళ్లు నవ్వారు. ఈ ఆట ఆమె చాలాసార్లు ఆడినట్టుంది.

"ఇందులో మా తాతగారు ఎవరమ్మా?" అని అడిగాను.

"ఎవలైతే ఏంది? ఇద్దరు ఒక్కతీర్గనే ఉంటరు," అంది.

లచ్చయ్య చెప్పింది ఇది. పొద్దున పడిన దున్న పక్కన దొరలిద్దరూ పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. తూటాలు వెతికించారు. ఎండాకాలం, ఈ పండుగ రోజులే. ఊరంతా ఆకులు పరచుకుని కూర్చుంది. పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. తల ఎవరిదో తేలలేదు గనక ఎవరూ కత్తి పెట్టలేదు. సాయంత్రానికి మాంసం వాసన వచ్చింది. దొరల నౌకర్లు తల కోసుకుని వెళ్లిపోయారు. మిగతాదాన్ని ఊరివాళ్లు పూడ్చారు. ఆ ఏటి విత్తనాలకు వేట రక్తం తగలలేదు.

"ఆ ఏడు వాన పడలేదా?" అన్నాడు నరసరాజు, గొంతు తగ్గించి.

"పడ్డది. వానకేంది, పడ్తది," అన్నాడు లచ్చయ్య. "మాకు కూర లేదు. గంతే."

నేను దొన్నె కింద పెట్టాను. మా ఇంట్లో ఈ కథ చెప్పేటప్పుడు దున్న పడ్డంతో ఆపేస్తారు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందని మేం ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఆహారం వంటవాళ్ల వ్యవహారం.

"వాటా ఇస్తాం," అన్నాను.

"దున్ననెక్కణ్ణుంచి తెస్తారు అన్నగారూ?" అన్నాడు నరసరాజు.

లచ్చయ్య కొంచెం ఆలోచించి, మేక అయినా ఫరవాలేదన్నాడు. ఈ మధ్య వేట దొరకదు గనక పండుగకు మేకనే వేట అనుకుని కోస్తున్నారట.

సంతలో

మర్నాడు దగ్గర్లో సంత. చింతపండు గుట్టలు, ఎండుచేపలు, అల్యూమినియం గిన్నెలు, కోడిపందెం. బేరాలన్నీ హిందీలో మొదలై, కోపం వచ్చేసరికి ఎవరి భాషలోకి వాళ్లు పోతున్నాయి. మా వైపు మేకను పళ్లు చూసి కొంటారు. ఇక్కడ ఎత్తి చూసి కొంటున్నారు. ఎత్తడం నా వల్ల కాలేదు.

నేను బేరం ఆడను. మా ఇంట్లో ఎవరూ ఆడలేదు. మా ఆస్తులు ఎలా పోయాయని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగిన జవాబు కూడా ఇదే. అమ్మేవాడు చెప్పిన ధర ఇవ్వబోతుంటే సుజాత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సార్, ఆయనకే సిగ్గయితున్నది. కొంచెమన్న తగ్గించమనుండ్రి."

చివరికి ఆమే ఆడింది. నరసరాజు సగం, నేను సగం పెట్టాం. నల్ల మేకపోతు. మంచి కొమ్ములు. వెనక్కి వచ్చేటప్పుడు జీపులో అది నా పక్కనే నిలబడి దారంతా నా పంచె అంచు నమిలింది.

వాటా

ఇప్పచెట్ల కింద చదును చేసిన చోట టేకాకులు వరసగా పరిచారు. ఇంటికొక ఆకు. ప్రతి ఆకు వెనక ఆ ఇంటి ఆడవాళ్లూ పిల్లలూ కూర్చున్నారు. చివర మా ఇద్దరికీ రెండు ఆకులు వేశారు. పూజారి మొక్కాడు. మేకను కోశారు. విత్తనాల బుట్టలో రక్తం చుక్కలు కలిపారు. లచ్చయ్య మేక తలను రెండు చేతుల్లో పట్టుకుని మా ముందుకు వచ్చాడు.

"ఇది మేక కాదు. ఇది దున్న," అని అందరికీ వినపడేలా అన్నాడు. "దొరలు ఆనాటి వేటకు వాటా ఇస్తున్రు. మంచిది. ఇప్పుడు చెప్పుండ్రి. మొదలు రక్తం తీసింది ఎవరు? తల ఎవరిది?"

నేను దీన్ని ఊహించి ఉండవలసింది. మేక అంటే మేకే అనుకున్నాను. వాళ్లకు అది దున్న అయినప్పుడు దున్న కట్టుబాటే దానికీ వర్తిస్తుంది. తల ఇచ్చేదాకా కత్తి కదలదు. మేం పలక గురించి చేసుకున్న ఒప్పందమూ ఇక్కడికే వచ్చి నిలబడింది. ఇక్కడ ఏది తేలితే అదే అని మాట ఇచ్చాను.

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. "చూడండి పెద్దయ్యా, ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. వేగమైన గుండు ముందు చేరుతుంది. ఒకేసారి పేలినా సరే..."

"ఎంత దూరం నుంచి?" అన్నాను నేను. "పది గజాల్లో వేగానికి తేడా ఏముంటుంది? ఒకే క్షణం..."

"క్షణంలో వెయ్యో వంతయినా ముందే కదా అన్నగారూ!"

నా దగ్గర దీనికి జవాబు ఉంది. మంచి జవాబు. తేలిక గుండు చర్మం కింది మందపు మాంసంలో ఆగిపోతుందని, లోతుకు దిగని గుండు తీసింది వేట రక్తం కాదని, దున్న మెడ దగ్గర చర్మం ఎంత మందమో నాకు తెలుసని. నోరు తెరిచాను.

ఆకుల వెనక ఎవరూ కదలడం లేదు. నవ్వడం కూడా లేదు. నిన్న పేడనీళ్లు పోసిన పెద్దామె కొమ్మతో మాంసం మీది ఈగలు తోలుతోంది. చెట్టు నీడ జరిగి, ఎండ మొదటి వరస ఆకుల మీదికి వచ్చింది. ఆకుల అంచులు ముడుచుకుంటున్నాయి. లచ్చయ్య చేతుల్లో తల అలాగే ఉంది. ఆయన ముఖంలో కోపం లేదు. ఇది ఎంతసేపు పడుతుందో ముందే తెలిసినవాడిలా నిలబడ్డాడు.

"మా తమ్ముడిది," అన్నాను. "త్రీ హండ్రెడ్. ముందు తగిలింది అదే."

నరసరాజు నా వైపు తిరిగాడు. నోరు తెరిచే ఉంది.

"పక్కానా?" అన్నాడు లచ్చయ్య.

"పక్కా. కోయండి."

తల నరసరాజు చేతుల్లో పెట్టారు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. కత్తి కదిలింది. ఒక్కో ఆకులో ఒక్కో వాటా పడింది. అన్నీ సమానం. నా ఆకులోనూ అంతే పడింది. లచ్చయ్య భార్య నా ఆకు దగ్గర ఆగి పక్కామెతో, నాకు వినపడాలనే, తెలుగులో అంది.

"ఈ దొరకు మాట జెల్ది వచ్చింది. ఆళ్ల తాతకు రాలే."

మాంసాన్ని వెదురు బొంగుల్లో పెట్టి కాల్చారు. ఉప్పు, మిరప, ఇంకేమీ లేదు. చాలా బాగుంది. సుజాత నా పక్కన కూర్చుని, "తాతా, ఇంకొంచెం వెయ్యనా?" అంది. సార్ అనడం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

భద్రాచలం బస్సు

తిరుగుప్రయాణం కొంటా నుంచి భద్రాచలం మీదుగా. రైల్లో మాగ్నంల గురించి గొంతు అరిగేలా మాట్లాడిన నరసరాజు ఇప్పుడు టికెట్టును చిన్న చిన్న మడతలు పెడుతున్నాడు.

"అన్నగారూ, మీరు నిజంగా ఒప్పుకున్నారా?"

"మాంసం కోయాలి కదా."

"అంటే ఒప్పుకోలేదు."

"పదిమంది ముందు చెప్పాను. ఇక నేను ఒప్పుకున్నానా లేదా అన్న ప్రశ్న లేదు."

"పోనీ, పలక మీద ఏమీ రాయించకుండా వదిలేద్దామా?"

"వద్దు. అక్కడ ఏది తేలితే అది అనుకున్నాం. తేలింది. రాయించు."

అతను టికెట్టు మడతలు విప్పి జేబులో పెట్టుకున్నాడు. బస్సు గోదావరి వంతెన ఎక్కింది.

దున్న తల ఇప్పుడు నరసరాజు హాల్లో ఉంది. నలుగురు మనుషులు మోశారు. మేకు నేనే కొట్టించాను, కొమ్ములు రెండూ సమంగా ఉండేలా చూసి. పలక కొత్తది. దాని మీద త్రీ హండ్రెడ్ మాగ్నం అని ఉంది. అక్షరాలు చక్కగా చెక్కారు. విషయం తప్పు. అది తప్పని చెప్పే హక్కు ఉన్నవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే మిగిలాను. ఆ హక్కును భేజ్జి దారిలో ఒక పల్లెలో, ఎండ ఆకుల మీదికి వచ్చిన వేళ, నా నోటితోనే వదులుకున్నాను. అందుకని ఈ ఒక్కసారి ఇక్కడ రాసి, ఇక ఎవరితోనూ అనను.